అమ్మ పిక్కల మీద ఎర్రమచ్చలు, అరికాళ్ల మంట, ఇప్పుడు హెపటైటిస్ సి అంటున్నారు. ముందు దేనికి మందు వాడాలి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకి 60 ఏళ్లు. రెండేళ్లుగా పిక్కల మీద, చీలమండల చుట్టూ ఎర్రటి చుక్కలు వస్తున్నాయి. దోమ కుట్టినట్టే ఉంటాయి కానీ పెద్దగా దురద ఉండదు, వేలితో నొక్కితే రంగు పోదు, తడిమితే కాస్త ఎత్తుగా చేతికి తగులుతాయి. ఎక్కువసేపు నిలబడిన మర్నాడు, అంటే ఏ పెళ్లికో వెళ్లొచ్చిన తెల్లారి, ఇంకా ఎక్కువ. వారం పది రోజుల్లో అవి గోధుమరంగు మరకలైపోతాయి, ఆ పక్కనే కొత్తవి లేస్తాయి.

మొదట చర్మం డాక్టర్ ఎలర్జీ అని పూత మందు ఇచ్చారు. తర్వాత కీళ్ల నొప్పులు మొదలైతే ఇంకొకరు ఆర్‌ఏ ఫ్యాక్టర్ చేయించారు, అది చాలా ఎక్కువ వచ్చింది. కీళ్లవాతం అని చెప్పి వారానికోసారి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. ఏడు నెలలు వాడింది. ఈలోగా అరికాళ్లు మండటం మొదలైంది, రాత్రిపూట తడిగుడ్డ కప్పుకుని పడుకునేది. అసలు సంగతి శుక్లాల ఆపరేషన్‌కి ముందు చేసే రక్తపరీక్షల్లో బయటపడింది. హెపటైటిస్ సి పాజిటివ్ అని కంటి డాక్టర్ వెనక్కి పంపించేశారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, చేయిస్తే లక్షల్లో ఉంది.

ఇప్పుడు పరిస్థితి ఇది: మూత్రంలో ప్రోటీన్ 2 ప్లస్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, సి4 అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్ బాగా తక్కువ, మచ్చ దగ్గర చర్మం ముక్క తీసి చూస్తే వాస్కులైటిస్, అంటే రక్తనాళాల వాపు, అని వచ్చింది. క్రయోగ్లోబ్యులిన్, అంటే చల్లబడితే రక్తంలో గడ్డ కట్టే ప్రోటీన్లు, ఆ పరీక్ష మాత్రం నెగెటివ్. లివర్ డాక్టర్ ఏమో ముందు వైరస్ మందులు మొదలుపెడదాం అంటారు. కీళ్ల డాక్టర్ ఏమో కిడ్నీ మీదకి వస్తోంది కాబట్టి రిటుక్సిమాబ్ సూది ముందు ఇవ్వాలి అంటారు. ఇద్దరూ మంచి డాక్టర్లే. ఎవరి మాట వినాలో తెలియక నాలుగు రోజులుగా నిద్ర లేదు. అమ్మ ఏమో "ఈ జబ్బు పేరు ఎవరికీ చెప్పకురా" అని ఒకటే మాట.

మైక్రోస్కోప్:
తమ్ముడూ, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, 18 ఏళ్లుగా ఇదే పని. మిగతావి డాక్టర్లు చెప్తారు, నేను ఆ నెగెటివ్ రిపోర్ట్ గురించి చెప్తాను. శాంపిల్ ఎక్కడ తీశారు? ఇంటికొచ్చి తీసుకుని ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో పంపించి ఉంటే ఆ రిపోర్ట్‌ని నమ్మొద్దు.

ఎందుకో చెప్తాను. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో ఎలా పేరుకుంటుందో, ఎండలో పెడితే ఎలా కరుగుతుందో, ఈ ప్రోటీన్లు కూడా అంతే. ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు ఉన్నంతసేపూ కరిగే ఉంటాయి, అంతకంటే చల్లబడితే గడ్డ కడతాయి. రక్తం తీసిన పది నిమిషాల్లో ఏసీ గదిలో చల్లారిందనుకోండి, అవి రక్తపు గడ్డతో పాటే అడుక్కి పోతాయి. పైన తేట సీరం తీసి పరీక్షిస్తే ఇంక ఏం కనిపిస్తుంది? నెగెటివ్ అని వస్తుంది.

మా దగ్గర ఎలా చేస్తామంటే, సిరంజి, ట్యూబులు ముందే ఇంక్యుబేటర్‌లో వెచ్చబెడతాం. 37 డిగ్రీల నీళ్లు పోసిన థర్మాస్ ఫ్లాస్క్ పట్టుకుని పేషెంట్ దగ్గరికి మేమే వెళ్తాం. రక్తం తీసిన ట్యూబు మూత బిగించి వెంటనే అందులో దించి, ల్యాబ్‌కి తెచ్చి, గంటసేపు వెచ్చగా ఉంచి గడ్డ కట్టాక, వెచ్చటి సెంట్రిఫ్యూజ్‌లోనే తిప్పుతాం. ఆ తర్వాత సీరంని సన్నటి గీతల గొట్టంలో పోసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో నిలబెడతాం. రోజూ తీసి వెలుగుకి పట్టి చూడాలి. కొందరికి ఒక్క రోజులోనే అడుగున తెల్లగా పేరుకుంటుంది, కొందరికి ఐదారు రోజులు పడుతుంది, అందుకే వారం దాకా పారబోయం. తెల్లగా వచ్చిందాన్ని మళ్లీ 37 డిగ్రీల్లో పెడితే కరిగిపోవాలి. కరిగితేనే అది క్రయోగ్లోబ్యులిన్. సాయంత్రానికల్లా రిపోర్ట్ ఇచ్చేశారంటే ఆ పరీక్ష సరిగా చేయలేదనే అర్థం.

కృష్ణాతీరం:
అన్నా, మీరు చెప్పింది చదివి ఒళ్లు జలదరించింది. సరిగ్గా అలాగే జరిగింది, ఇంటికొచ్చి తీసుకెళ్లారు, నీలం ఐస్ డబ్బాలో పెట్టారు, నేనే చూశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో రిపోర్ట్ వచ్చింది.

ఓరుగల్లు_కోట:
భాయ్, మీ అమ్మగారి కథ చదువుతుంటే నాదే చదివినట్టు ఉంది. నాకు 47. కాలేజీ రోజుల్లో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఎన్ని సూదులు వేయించుకున్నానో లెక్క లేదు, ఒకటే సూది నీళ్లలో మరిగించి అందరికీ వేసేవారు, నాకు అక్కడే అంటుకుందని అనుకుంటున్నా. మచ్చలు, మంట, విపరీతమైన నీరసం. మూడో అంతస్తు మెట్లు ఎక్కలేకపోయేవాణ్ని. నాకు క్రయో పాజిటివ్ వచ్చింది, కిడ్నీ బాగానే ఉంది, అందుకని డాక్టర్ సార్ వైరస్ మందులు మాత్రమే ఇచ్చారు. సోఫోస్‌బువిర్, డాక్లటాస్‌విర్, రోజుకి ఒక్కోటి, 12 వారాలు.

ఐదో వారంలో కొత్త మచ్చలు రావడం ఆగింది. కోర్సు అయిపోయిన 12 వారాలకి చేసిన పరీక్షలో వైరస్ లేదు. మంట తగ్గడానికి మాత్రం ఏడాది పట్టింది. బొటనవేలు ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది, కింద ఇసుక ఉందో బండ ఉందో ఆ వేలికి తెలియదు. నరం దెబ్బ తిన్నాక వైరస్ పోయినంత తొందరగా నరం కోలుకోదు అని సార్ ముందే చెప్పారు.

డబ్బు విషయం: ప్రభుత్వం 2018 జులై 28న జాతీయ హెపటైటిస్ కార్యక్రమం పెట్టింది, మందులు, వైరల్ లోడ్ పరీక్ష ఉచితం. నేను పెద్దాసుపత్రిలోనే తీసుకున్నా, ఒక్క రూపాయి కట్టలేదు. ఆధార్, పాత రిపోర్టులు పట్టుకుని వెళ్లండి. మా పెదనాన్న కొడుక్కి 2009లో ఇదే జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ సూదులు ఇచ్చారు, ప్రతి సూదికీ రెండు రోజులు చలిజ్వరం, మనిషి సగమైపోయాడు, పైగా కాళ్ల తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. సోఫోస్‌బువిర్ అమెరికాలో వచ్చిన కొత్తలో ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకి 84,000. మన హైదరాబాద్ నాట్కో వాళ్లు 2015లో ఇక్కడ జెనరిక్ తెచ్చాకే నాలాంటివాళ్లకి అందింది. ఆ మాత్ర చేతిలో పెట్టుకున్నప్పుడల్లా నాకు ఈ విషయం గుర్తొచ్చేది.

పాలకొల్లు_పెద్దాయన:
బాబూ, నేను పెద్దవాణ్ని, అనుభవంతో చెప్తున్నా. లివర్ జబ్బు ఏదైనా మా ఊరి దగ్గర పసరు మందు ఇస్తారు, మూడు ఆదివారాలు పరగడుపున, నూనె, ఉప్పు, కారం మానేయాలి. మా ఇంట్లోనే ఇద్దరికి కామెర్లు తగ్గాయి. ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి. నేల ఉసిరి రసం కూడా పట్టించి చూడండి.

కిడ్నీవార్డు:
పెద్దాయన గారూ, మీ మంచి మనసుకి నమస్కారం. కానీ ఇక్కడ ఒక తేడా ఉందండి. మీ ఇంట్లో తగ్గిన కామెర్లు చాలావరకు హెపటైటిస్ ఎ, లేదా ఇ అయి ఉంటాయి. కలుషితమైన నీళ్ల వల్ల వస్తాయి, ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పసరు తాగినా తాగకపోయినా. సి వైరస్ అలాంటిది కాదు. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఒంట్లోనే ఉండిపోతుంది, కళ్లు పచ్చబడకుండా 20, 30 ఏళ్లు నడుస్తుంది. మూడు ఆదివారాలకి అది పోదు. కిడ్నీ ఇప్పటికే దెబ్బ తింటున్న మనిషికి ఏమున్నదో తెలియని పసరు ఇవ్వడం చాలా ప్రమాదం. దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు.

కృష్ణాతీరం గారూ, నేను నెఫ్రాలజీలో, అంటే కిడ్నీ విభాగంలో పనిచేస్తున్నాను. మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి ఇది చేయండి అని చెప్పను, కానీ ఆ ఇద్దరు డాక్టర్ల మాటల్లో పెద్ద గొడవేమీ లేదని మాత్రం చెప్పగలను.

సి వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటే, దాంతో పోరాడే యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకి విశ్రాంతి ఉండదు. వాటిలో ఒక గుంపు దారి తప్పి, మన సొంత యాంటీబాడీలకే అతుక్కునే ఇంకో యాంటీబాడీని తయారుచేయడం మొదలుపెడుతుంది. దాన్నే పరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్‌గా చూస్తాం. మీ అమ్మగారికి అది ఎక్కువ రావడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు, కీళ్లవాతం కాకపోవచ్చు. ఈ రెండూ అతుక్కుని ముద్దలై చిన్న రక్తనాళాల గోడల్లో ఇరుక్కుంటాయి. చర్మంలో ఇరుక్కుంటే మచ్చ, నరానికి రక్తం ఇచ్చే నాళంలో అయితే మంట, తిమ్మిరి, కిడ్నీ వడపోతలో అయితే మూత్రంలో ప్రోటీన్, రక్తం. ఆ గొడవలోనే సి4 ఖర్చైపోతుంది, అందుకే తక్కువ కనిపిస్తుంది. మచ్చలు, కీళ్ల నొప్పులు, నీరసం, ఈ మూడూ కలిసి వస్తాయని మెల్ట్‌జర్ అనే ఆయన 1966లోనే రాశారు. అప్పటికి సి వైరస్ సంగతే ఎవరికీ తెలియదు, అది బయటపడింది 1989లో.

కాబట్టి మూలం వైరస్, దాన్ని ఎలాగైనా తీసేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే వైరస్ పోవడానికి, ముద్దలు తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా అవయవం పోయే పరిస్థితి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మచ్చలు, నొప్పులు, కొద్దిపాటి తిమ్మిరి, క్రియాటినిన్ నిలకడగా ఉండటం, ఇలా అయితే వైరస్ మందులు చాలు. క్రియాటినిన్ వారం వారం పెరుగుతున్నా, రోజుకి మూడున్నర గ్రాములకి మించి ప్రోటీన్ పోతున్నా, కాలు పడిపోతున్నా, కాళ్ల మీద పుండ్లు పడినా, వైరస్ మందులతో పాటు రిటుక్సిమాబ్ కావాలి. అది ఆ బి కణాల గుంపుని తగ్గిస్తుంది. ప్రాణం మీదకి వస్తే, అంటే ఊపిరితిత్తుల్లో రక్తం, పేగుకి రక్తం ఆగిపోవడం, కిడ్నీ రోజుల్లో పడిపోవడం, అలాంటప్పుడు పెద్ద మోతాదు స్టెరాయిడ్, ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసేసి వేరేది ఎక్కించడం. ప్లాస్మా మార్చేటప్పుడు ఎక్కించే ద్రవాలు కూడా వెచ్చబెట్టే ఎక్కిస్తాం, మైక్రోస్కోప్ గారు చెప్పిన కారణానికే.

మూడు పనులు వెంటనే చేయండి. 1.3 అనేది ఒక్క రోజు లెక్క, ఆరు నెలల క్రితం ఎంత ఉందో పాత రిపోర్టులు వెతకండి. 24 గంటల మూత్రంలో ప్రోటీన్ ఎంతో కొలిపించండి. రిటుక్సిమాబ్ మాట వచ్చింది కాబట్టి హెపటైటిస్ బి పరీక్షలు రెండూ చేయించండి, ఇప్పుడు వైరస్ ఉందా అని చూసే హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటి చాలదు, ఎప్పుడైనా వచ్చిపోయిందా అని చూసే యాంటీ హెచ్‌బీసీ టోటల్ కూడా కావాలి. ఎప్పుడో వచ్చి అణిగిపోయిన బి వైరస్ ఈ సూదితో మళ్లీ లేచి లివర్‌ని దెబ్బ తీయగలదు. మెథోట్రెక్సేట్ ఇంకా వాడుతుంటే ఆ సంగతి రేపే లివర్ డాక్టర్‌కి చెప్పండి, వైరస్ ఉన్న లివర్‌కి అది మంచిది కాదు.

కృష్ణాతీరం:
సార్, చాలా చాలా థాంక్స్. మెథోట్రెక్సేట్ లివర్ డాక్టర్ మొదటి రోజే ఆపించారు. పాత రిపోర్టుల సంచి తీసి చూశాను, పోయిన ఏడాది క్రియాటినిన్ 1.2 ఉంది. 24 గంటల మూత్రం రేపటి నుంచి పడతాం. బి పరీక్షలు ఒకటే చేశారు, రెండోది రాసి ఇచ్చాను.

అనకాపల్లి_బెల్లం:
నాది కొంచెం వేరే కథ, కానీ ఇక్కడే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా ఆయనకి ఈ రక్తనాళాల వాపు వచ్చింది హెపటైటిస్ బి వైరస్ వల్ల. ఆయన ఆటో నడుపుతారు. ఒకరోజు ఇంట్లోకి వస్తూ కుడికాలి చెప్పు గుమ్మం బయటే వదిలేసి వచ్చారు, చెప్పు జారిపోయిన సంగతి ఆయనకి తెలియలేదు. పాదం పైకి లేవట్లేదు. వారం తర్వాత ఎడమచేతి మణికట్టు వాలిపోయింది. అన్నం తిన్న అరగంటకి కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆ భయంతో తినడం మానేశారు, రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. బీపీ ఎప్పుడూ లేని మనిషికి 180. ఒకచోట నరాల బలహీనత అన్నారు, ఇంకోచోట గ్యాస్ అన్నారు.

చివరికి విశాఖలో ఒక డాక్టర్ ఇవన్నీ ఒకటే జబ్బు అని పట్టుకున్నారు. పాలీఆర్టరైటిస్ నోడోసా అన్నారు. కడుపులో రక్తనాళాలకి రంగు మందు పంపి ఫొటో తీస్తే చిన్న చిన్న పూసలు గుచ్చినట్టు ఉబ్బెత్తులు కనిపించాయి, నాకు స్క్రీన్ మీద చూపించారు. రక్తంలో బి వైరస్ కోట్లలో ఉంది. ఐదారు నెలల క్రితం సోకి ఉంటుంది అన్నారు, ఈ జబ్బు సాధారణంగా వైరస్ సోకిన ఏడాది లోపే వస్తుందట.

వైద్యం ఇలా చేశారు: స్టెరాయిడ్ రెండు వారాలే, తర్వాత చకచకా తగ్గించేశారు. దాంతో పాటే ఎంటకావిర్ అనే బి వైరస్ మందు మొదలుపెట్టారు, ప్లాస్మా మార్పిడి చాలాసార్లు చేశారు. స్టెరాయిడ్‌తో నొప్పి తగ్గి ఆయన లేచి కూర్చుంటే, ఇంకొన్నాళ్లు అదే ఇవ్వండి అని నేనే బతిమాలాను. అప్పుడు డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు: స్టెరాయిడ్ వాపుని అణుస్తుంది కానీ వైరస్‌కి తిండి పెడుతుంది, వైరస్ పెరిగితే వాపు మళ్లీ వస్తుంది, అందుకే మంట ఆర్పేంతవరకే అది, ఆ తర్వాత వైరస్ మందే అసలు మందు అని. నాకు ఆ మాట బాగా ఎక్కింది. ఇప్పుడు రెండేళ్లు అయింది, ఆయన మళ్లీ ఆటో నడుపుతున్నారు, పాదానికి పట్టీ వేసుకుని.

ఓరుగల్లు_కోట:
అక్కా, చెప్పు సంగతి చదివి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఎంటకావిర్ ఎన్నాళ్లు వాడాలన్నారు?

అనకాపల్లి_బెల్లం:
సి వైరస్‌లాగా 12 వారాల్లో అయిపోదు తమ్ముడూ. ఏళ్లు, బహుశా జీవితాంతం. చెప్పకుండా ఆపితే వైరస్ ఒక్కసారిగా లేచి లివర్ పాడవుతుందని చెప్పారు. ఆయన బ్రష్ పక్కనే మాత్రల డబ్బా పెట్టాను. నాకు, పిల్లలకి పరీక్ష చేసి టీకాలు వేశారు. చిన్నపాపకి పుట్టగానే వేసిన బి టీకా ఉంది, అది 2011 నుంచి దేశమంతా పిల్లలకి వేస్తున్నారట. పెద్దవాళ్లం మాకే లేదు.

ఎడిసన్_తెలుగు:
అందరి పోస్టులు చదివాను. ఒక్క విషయం చెప్పకపోతే తప్పవుతుంది అనిపించి రాస్తున్నాను. ఓరుగల్లు గారికి బాగా తగ్గింది, సంతోషం. మా మామగారికి ఇక్కడ న్యూజెర్సీలో వైరస్ పూర్తిగా పోయింది, సోఫోస్‌బువిర్, వెల్‌పటాస్‌విర్‌తో. కానీ క్రయో పోలేదు. తొమ్మిది నెలలు బాగున్నారు, తర్వాత న్యుమోనియా వచ్చి తగ్గాక మళ్లీ మచ్చలు, ఈసారి పుండ్లు కూడా. రిటుక్సిమాబ్ రెండుసార్లు ఇవ్వాల్సి వచ్చింది. అంటే వైరస్ పోయినా, దారి తప్పిన ఆ బి కణాలు కొందరిలో సొంతంగా బతికేస్తాయి.

నేను దీని గురించి బాగా చదివాను. పారిస్ డాక్టర్లు ఈ జబ్బున్న 41 మందికి సోఫోస్‌బువిర్, డాక్లటాస్‌విర్ ఇచ్చి చూస్తే అందరిలోనూ వైరస్ పోయింది, 90 శాతం మందికి లక్షణాలు పూర్తిగా తగ్గాయి, రిటుక్సిమాబ్ లాంటివి అవసరమైంది ఇద్దరికే. అది చాలా మంచి మాట. కానీ వాళ్లలో కూడా సగం మందికే రక్తంలోంచి క్రయో మాయమైంది. కాబట్టి కృష్ణాతీరం గారూ, వైరస్ నెగెటివ్ వచ్చిన రోజుతో డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆపకండి. మా మామగారికి ఆరు నెలలకోసారి మూత్రం, క్రియాటినిన్, సి4 చూస్తారు. మెడలో, చంకల్లో గడ్డలు తడిమి చూస్తారు, ఎందుకంటే ఆ బి కణాలు ఎప్పుడైనా లింఫోమాగా, అంటే ఒక రకం క్యాన్సర్‌గా మారే అవకాశం కొద్దిగా ఉంది. ఇంకోటి, వెల్‌పటాస్‌విర్ వాడేటప్పుడు గ్యాస్ మాత్రలు, ఒమెప్రజోల్, పాంటప్రజోల్ లాంటివి మందుని ఒంటికి పట్టనివ్వవు. మనవాళ్లు అవి రోజూ బఠాణీల్లా మింగుతారు, మామగారి సంచిలో రెండు రకాలు దొరికాయి. గుండెకి ఎమియోడరోన్ వాడేవాళ్లు సోఫోస్‌బువిర్‌కి ముందే తప్పకుండా చెప్పాలి.

డయాలసిస్_సిస్టర్:
అమ్మగారు ఎవరికీ చెప్పొద్దు అన్నారు కదా, దాని గురించి ఒక మాట. నేను వార్డులో రోజూ చూస్తాను, సి అని తెలియగానే ఇంట్లో కంచం వేరు, గ్లాసు వేరు పెట్టేస్తారు. అది చాలా తప్పండి. ఒకే కంచంలో తిన్నా, మనవణ్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నా రాదు. రక్తం ద్వారా వస్తుంది. బ్రష్, రేజరు, గోళ్లు కత్తిరించేది మాత్రం ఎవరివి వాళ్లకి ఉండాలి. అమ్మగారికి ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?

కృష్ణాతీరం:
అదే చెప్పబోతున్నాను సిస్టర్. 1986లో నేను పుట్టినప్పుడు ఆపరేషన్, బాగా రక్తం పోయి రెండు సీసాలు ఎక్కించారట. అమ్మ నిన్న రాత్రి చెప్పింది. నన్ను కన్నందుకే తనకి ఈ జబ్బు వచ్చిందని తెలిసి నాకు నోట మాట రాలేదు. అమ్మ మాత్రం "నువ్వు బతికావు కదరా, అది చాలు" అంది.

డయాలసిస్_సిస్టర్:
ఆ రోజుల్లో ఈ వైరస్‌కి పేరే లేదు నాన్నా, పరీక్ష ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రెండు సీసాలే ఆ రోజు ఆమె ప్రాణం నిలబెట్టాయి. మీరు పుట్టాకే ఎక్కించారు కాబట్టి మీకు వచ్చే అవకాశం తక్కువ, అయినా ఒకసారి చేయించుకోండి. మీ తర్వాత పుట్టినవాళ్లు ఉన్నారా? తల్లి నుంచి బిడ్డకి రావడం వందలో ఐదారుగురికి జరుగుతుంది.

కృష్ణాతీరం:
చెల్లెలు ఉంది, 1991. గుంటూరులో ఉంటుంది. ఇప్పుడే ఫోన్ చేస్తాను.

కృష్ణాతీరం (రెండు వారాల తర్వాత):
అప్డేట్. 24 గంటల మూత్రంలో ప్రోటీన్ 1.1 గ్రాములు. రెండు వారాల తేడాతో క్రియాటినిన్ మళ్లీ 1.3 వచ్చింది, పెరగలేదు. లివర్ డాక్టర్, కీళ్ల డాక్టర్, కిడ్నీ డాక్టర్ ముగ్గురికీ ఒకే కాగితం మీద అన్ని తేదీలు, అంకెలు రాసి వాట్సాప్ చేశాను, ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకున్నారు. రిటుక్సిమాబ్ ప్రస్తుతానికి వద్దు, ముందు సోఫోస్‌బువిర్, డాక్లటాస్‌విర్ 12 వారాలు, రెండు వారాలకోసారి క్రియాటినిన్, పెరిగితే అప్పుడు కిడ్నీ బయాప్సీ చేసి సూది ఇవ్వాలని నిర్ణయించారు. ప్రోటీన్‌కి టెల్మిసార్టాన్ మొదలుపెట్టారు. ఫైబ్రోస్కాన్‌లో లివర్ గట్టిపడలేదు. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చారు.

కిడ్నీవార్డు గారూ, మీరు అడిగిన రెండో పరీక్ష, యాంటీ హెచ్‌బీసీ, పాజిటివ్ వచ్చింది. హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్. మీరు చెప్పకపోతే అది ఎవరూ చేయించేవారు కాదు.

చెల్లెలికి నెగెటివ్, నాకూ నెగెటివ్.

కిడ్నీవార్డు:
చాలా మంచిది. బి వైరస్ ఎప్పుడో వచ్చి అణిగిపోయిందని దాని అర్థం. సి మందులు వాడేటప్పుడు లేచే అవకాశం చాలా తక్కువ, లివర్ ఎంజైములు చూస్తూ ఉంటే చాలు. రేపు ఎప్పుడైనా రిటుక్సిమాబ్ ఇవ్వాల్సి వస్తే మాత్రం ముందుగా ఎంటకావిర్ మొదలుపెట్టి, సూది ఆపాక కూడా ఏడాది, ఏడాదిన్నర కొనసాగించాలి. ఆ రిపోర్ట్ మీద ఎర్ర పెన్నుతో రాసి ఫైలు మొదటి పేజీలో పెట్టండి. పదేళ్ల తర్వాత ఏ కొత్త డాక్టర్ చూసినా కనిపించాలి.

కృష్ణాతీరం (ఆరు నెలల తర్వాత):
కోర్సు అయిపోయిన 12 వారాలకి చేసిన వైరల్ లోడ్ నిన్న వచ్చింది. వైరస్ కనిపించలేదు. ప్రోటీన్ 0.4కి తగ్గింది, క్రియాటినిన్ 1.1. మచ్చలు ఏడో వారం నుంచి కొత్తవి లేవు, పాతవాటి గోధుమ మరకలు మాత్రం మోకాళ్ల కింద మేజోళ్లు తొడిగినట్టు ఉండిపోయాయి. అరికాళ్ల మంట సగం తగ్గింది. తడిగుడ్డ మానేసింది, కానీ సంక్రాంతికి తెల్లవారుజామున చన్నీళ్లతో వాకిలి కడిగి ముగ్గు వేస్తే రెండు రోజులు వేళ్లు నీలంగా అయ్యాయి, ఇకనుంచి వేడినీళ్లే అని చెప్పాం. సి4 ఇంకా తక్కువే ఉంది. శుక్లాల ఆపరేషన్ వచ్చే నెల. రిపోర్ట్ చూపించి అమ్మే పక్కింటావిడకి జబ్బు పేరుతో సహా చెప్పింది.

కిడ్నీ డాక్టర్ క్రయో పరీక్ష ఈసారి సరిగ్గా చేయించమన్నారు. మైక్రోస్కోప్ అన్నా, అమ్మ ఈ వారం హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంది. మీ ల్యాబ్‌కి తీసుకురావచ్చా?

మైక్రోస్కోప్:
తీసుకురా తమ్ముడూ. పొద్దున ఏడింటికి, ఖాళీ కడుపుతో, కొవ్వు తేలితే సీరం మసగ్గా ఉండి సరిగా కనిపించదు. మంచినీళ్లు తాగొచ్చు. అమ్మని ఏసీ కారులో తేవొద్దు, చేతులకి శాలువా కప్పి తీసుకురా. గేటు దగ్గరికి రాగానే ఫోన్ చెయ్యి, థర్మాస్ పట్టుకుని కిందకి నేనే వస్తా.